లెన్సులు చూడబడును

చిక్కడపల్లిలో నేను అప్పడాలు కొనే దుకాణం ఒకటే. మొన్న ఆదివారం పొద్దున వెళ్లి అరకిలో మినప అప్పడాలు అడిగాను. దుకాణం అక్క తూచి, కట్ట కట్టి, దాని పక్కన ఒక బిస్కెట్ల డబ్బా పెట్టింది.

"ఇది నేను అడగలే అక్కా."

"నీదే. మీదింటి సారు ఇచ్చిపోయిండు. కండ్లద్దాల ఇంజినీర్ వస్తే ఇయ్యమన్నడు. నువ్వేమో ఈ నడుమ కానరానే లేవు."

"ఊరికి పోయిండా సార్?"

అక్క తక్కెడ వైపు చూసింది. "నీకు తెల్వదా తమ్మీ? సారు సచ్చిపోయిండు. నెలన్నర ఆయె. నాలుగు రోజులు జరం, అంతే."

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. డబ్బా మూత తీసి, లోపలున్న లెన్సు నాదేనా కాదా అని దాని మీది నంబరు సరిచూసుకున్నాను. ఒక మనిషి పోయాడని చెబితే నంబరు సరిచూసుకునే రకం నేను. నంబరు సరిపోయింది.

ఆ దుకాణం పైన ఒకే గది. గది తలుపు మీద ఒక రేకు ముక్క, దాని మీద తెల్ల రంగుతో "లెన్సులు చూడబడును" అని ఉండేది. పాత ఫిల్ము కెమెరాల లెన్సులు. బాగుచేయబడును అని ఎందుకు రాయలేదని ఒకసారి అడిగాను. "చూసుడు నా చేతిల ఉన్నది. బాగయ్యుడు దాని ఇష్టం" అన్నాడు. అంతకుముందు నారాయణగూడలో కెమెరాలు బాగుచేసే ఒక దుకాణంలో చాలాకాలం పనిచేశాడని, అది మూతపడ్డాక ఇక్కడికి వచ్చాడని అక్క ద్వారా తెలిసింది. ఆయన జీవితం గురించి నా దగ్గరున్న సమాచారం అంతే. లెన్సును ఎలా పట్టుకునేవాడో రాయమంటే మాత్రం పది పేజీలు రాయగలను.

ముందు చేతి గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకునేవాడు, గాజుకు తగలకుండా. తర్వాత లెన్సును కంటి దగ్గరికి కాదు, ముక్కు దగ్గరికి తీసుకెళ్లేవాడు. రెండుసార్లు వాసన చూసి, అది ఎక్కడ పెరిగిందో చెప్పేవాడు. "తోలు సంచిల పెట్టిండ్రు. రెండు వానకాలాలు తియ్యలేదు." లేదా, "దేవునర్రల పెట్టిండ్రా? ఊదుబత్తి వాసన." తెచ్చినవాళ్లు తెల్లబోయి తలూపేవారు. ఆ తర్వాతే టార్చి వేసేవాడు. అదీ ఎదురుగా కాదు, వెనక నుంచి, కొంచెం వాలుగా. ఎదురుగా వేస్తే వెలుగు కనపడుతుందని, వాలుగా వేస్తే రోగం కనపడుతుందని అనేవాడు.

నా సంగతి కూడా ఒక మాట చెప్పాలి. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. ప్రభుత్వ ఉద్యోగం కోసం అశోక్‌నగర్‌లో గది తీసుకుని మూడుసార్లు పరీక్ష రాశాను. మూడోసారి తర్వాత యంత్రభాగాలు తనిఖీ చేసే ఉద్యోగం ఒకటి దొరికింది. గది మాత్రం మారలేదు. తనిఖీ అలవాటు ఇంటికి కూడా వచ్చి, ఆదివారాలు పాత లెన్సులు కొని పరీక్షించడం మొదలుపెట్టాను. పదిహేడు అంశాల పట్టిక తయారుచేశాను. దుమ్ము, బూజు, లోపలి మసక, గీతలు, పూత పోవడం, అతికించిన అద్దాల మధ్య జిగురు విడవడం, గాజులో బుడగలు, ఇలా. దాన్ని ప్రింటు తీసి లామినేషన్ చేయించాను.

ఆ పట్టికతోనే మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని తీసుకుని, చదవకుండా, టీ గ్లాసు కింద పెట్టాడు.

"చెప్పు. దీంట్ల ఏమున్నది?"

"ఫంగస్ సార్. వెనక దిక్కు. పోగు లెక్క, రెండు మిల్లీమీటర్లు. ఏడు గంటల స్థానంల."

"ఏడు గంటలకా?" లెన్సును నా కంటి ముందు పట్టుకుని మెల్లగా పావు చుట్టు తిప్పాడు. "ఇప్పుడు?"

"ఏడే సార్."

ఇంకో పావు తిప్పాడు. "ఇప్పుడు?"

"ఏడే."

"గడియారం ఆగింది గద ఇంజినీర్ సాబ్." నా కళ్లద్దాలు తనే తీసి, కిటికీ వైపు పట్టి చూసి, నా చేతిలో పెట్టాడు. ఎడమ అద్దం మీద కింది పక్కన వెంట్రుకంత గీత ఉంది. "లెన్సుల ఉంటే లెన్సుతోని తిరుగుతది. తిరగకపోతే అది నీది."

గదికి వెళ్లి నా కంప్యూటర్‌లో జాబితా తెరిచాను. అప్పటిదాకా పరీక్షించిన లెన్సుల్లో పదకొండింటికి ఏడు గంటల స్థానంలో ఫంగస్ ఉంది. అంత క్రమశిక్షణ గల బూజు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు.

అప్పటి నుంచి కింద దుకాణంలో కూడా నా పేరు కండ్లద్దాల ఇంజినీర్. నేను వారం వారం వెళ్లేవాణ్ని. నేర్చుకోవడానికి అని చెప్పుకునేవాణ్ని గానీ, నా పట్టిక గొప్పదని ఆయన చేత ఒక్కసారైనా అనిపించుకోవాలని అసలు కోరిక. అనలేదు.

బూజు పట్టిన లెన్సులను ఆయన మేడ మీద ఎండలో పెట్టేవాడు. అదే మేడ మీద పాత చీర పరిచి అక్క అప్పడాలు ఎండబెట్టేది. ఒక మూల స్టీలు పళ్లెంలో లెన్సులు, మిగతా అంతా అప్పడాలు. ఒకరోజు ఒక పెద్ద లెన్సు గాలికి ఒరిగి, అందులోంచి వచ్చిన ఎండ సూదిలా ఒకచోట పడి, అప్పడాలు మాడాయి. నేను వెళ్లేసరికి ఆయన ఒక చీటీ పట్టుకుని దుకాణం ముందు నిలబడి అక్కకు గట్టిగా చదివి వినిపిస్తున్నాడు.

"నా చేతి వల్ల అయినవి. అప్పడాలు మూడు. రెండింటికి బొక్క, ఒకటి అంచున నల్లగ."

"చీటీ నేనేం జేస్కోవాలె సారు? ఉప్పేసుకొని తినాల్నా?" అని అక్క నవ్వింది. ఆయన నవ్వలేదు. చీటీ చేతికిచ్చి, నకలు పైకి తీసుకెళ్లి ఇనుప చువ్వకు గుచ్చాడు.

ఆ చీటీ ఆయన పద్ధతి. ప్రతి లెన్సుకూ ఒకటి రాసేవాడు. మధ్యలో నిలువు గీత. ఎడమ గడిలో "దానితో వచ్చినవి". కుడి గడిలో "నా చేతి వల్ల అయినవి". లెన్సు తిరిగి ఇచ్చే ముందు రెండు గడులూ సొంతదారుకు పైకి చదివి వినిపించాలి. చదవకుండా ఇవ్వడు. ఏ మరమ్మతు మనిషైనా తన తప్పులు తనే రాసిస్తాడా? నేను ఉద్యోగంలో నేర్చుకున్న విద్యంతా దీనికి ఎదురు. మా నివేదికల్లో "గుర్తించబడినది" అని ఉంటుంది, ఎవరు చేశారో ఉండదు. అదే మాట అన్నాను.

"బూజు పిలవకుండ వస్తది," అన్నాడు. "గీత చెయ్యి పడితెనే వస్తది. రెండు ఒక్క గడిల ఎట్ల రాస్తవ్?"

బాగుంది అనుకున్నాను. నా పట్టికలో పద్దెనిమిదో అంశంగా చేర్చాలని కూడా అనుకున్నాను. ఆ గడి నాకే అవసరపడుతుందని అనుకోలేదు.

నేనుండే ఇంటి ఓనర్ ఆంటీ ఒకప్పుడు బడిలో డ్రాయింగు టీచరు. అప్పట్లో క్లాసు ఫోటోలు తనే తీసేదట. ఆ కెమెరా, దాని లెన్సు రిటైరైనప్పటి నుంచి బీరువాలో ఉన్నాయి. మనవరాలు ఫోటోగ్రఫీ కోర్సులో చేరిందని, దానికి ఇస్తానని బయటకు తీసింది. లోపల మసక కమ్మింది. ఆంటీ నన్ను కొడుకులా చూస్తుందని అనను. ఓనరు కిరాయిదారును చూసినట్టే చూస్తుంది. కాని పొద్దున నీళ్ల మోటారు వేసే పని నాకు అప్పగించి, మోటారు గది తాళంచెవి నా దగ్గరే ఉంచింది. ఆ ఇంట్లో అది చిన్న గౌరవం కాదు. కింది వాటాలో పదేళ్లుగా ఉన్నవాళ్లకు కూడా అది దక్కలేదు.

"చిక్కడపల్లిల ఒక సార్ ఉన్నడు, సూపించుకొస్త" అని చెప్పి ఉంటే సరిపోయేది. "ఇది చిన్న పనే ఆంటీ, నేనే చేస్త" అన్నాను.

ఆదివారం పొద్దున మంచం మీద తెల్లగుడ్డ పరిచి, విప్పిన మరలు వేయడానికి ఆరు సీసా మూతలకు నంబర్లు వేసి, తీసిన ప్రతి భాగాన్నీ ఫోటో తీస్తూ తెరిచాను. వెనక అద్దం తీసి, రెండు వైపులా తుడిచి, కాగితం మీద నిలబెట్టాను. అప్పుడే కింది వాటా నుంచి కేక. "ఇంజినీరూ! ట్యాంకు పొర్లుతుంది!" మోటారు వేసిన సంగతి మరచిపోయాను. పరుగెత్తి ఆపి వచ్చేసరికి అద్దం ఒక పక్కకు పడి ఉంది. ఏ వైపు లోపలికి, ఏ వైపు బయటికి? రెండు వైపులా ఉబ్బెత్తుగానే ఉంది. ఫోటోలు చూశాను. ఇరవై మూడు ఫోటోల్లో ఆ ఒక్క అద్దం వాలుగా ఉన్న ఫోటో లేదు. తప్పడానికి సగం అవకాశమే ఉందని లెక్క వేసుకున్నాను. ఇంజినీరును కదా. లెక్క వేసి, బిగించేశాను.

మసక పోయింది. ఆంటీని గేటు ముందు నిలబెట్టి నా డిజిటల్ కెమెరాకు ఆ లెన్సు తగిలించి ఒక ఫోటో తీశాను. ముఖం అద్భుతంగా వచ్చింది. చుట్టూ గేటు చువ్వలు మాత్రం సుడి తిరిగినట్టు కరిగిపోయాయి. కలలా ఉంది. పాత లెన్సుల ఇష్టపరుల గ్రూపులో పెడితే అందరూ మెచ్చుకున్నారు. ఒకరు ఏ లెన్సు అని అడిగారు. ఆ కాలం గాజుకు ఉన్న వ్యక్తిత్వం గురించి మూడు పేరాలు రాశాను.

ప్రింటు తీసి ఆంటీకి ఇచ్చాను. ఆంటీ తన ముఖం చూసుకోలేదు. మూలలు చూసింది. లోపలికి వెళ్లి ఒక ఆల్బం తెచ్చి ఒక పేజీ తెరిచింది. అదే గేటు, నలుపు తెలుపులో. ఈ మూల నుంచి ఆ మూలకు చువ్వలు లెక్కపెట్టుకోవచ్చు.

"బాబూ, నా లెన్స్ ఏది?"

"ఇదే ఆంటీ. పాత లెన్సులు ఇట్లనే..."

"ముప్పై ఏండ్లు నేను పట్టుకున్న లెన్సు. నాకు తెల్వదా? నువ్వు మంచి పిల్లగానివే. కాని ఇది నాది కాదు." మామూలు గొంతుతోనే అంది. "మోటార్ చెవి జర ఇయ్యి. రేపటి సంది నేనే వేసుకుంట."

దొంగ అనలేదు. అంటే నంబరు చూపించి వాదించేవాణ్ని. తాళంచెవి అడిగితే ఏం వాదిస్తాం? మర్నాటి నుంచి పొద్దున్నే ఆంటీ మోకాళ్లు పట్టుకుంటూ మెట్లు దిగడం నా గదిలోకి వినపడేది. అది విని కూడా నేను చేసిన పని, ఇంకో ప్రింటు తీసి మూలలు కత్తిరించడం. నెలన్నర అలా గడిపి, మనవరాలి కాలేజీ మొదలయ్యే వారం వచ్చాక, ఆంటీని అడిగి లెన్సు తీసుకుని చిక్కడపల్లి వెళ్లాను.

ఆయన గడియారం విప్పాడు. వాసన చూశాడు. "నాఫ్తలీన్. ఇనుప బీరువా. జాగ్రత్త గల మనిషిది." తర్వాత టార్చి తీయలేదు. లెన్సు వెనక వైపు ట్యూబులైటు కింద పట్టి మెల్లగా ఊపాడు. గాజు లోపల ట్యూబులైటు ప్రతిబింబాలు చిన్నా పెద్దా వరుసగా కనపడతాయి. ఒక్కో అద్దానికి రెండు ముఖాలు, ఒక్కో ముఖానికి ఒక దీపం. లెన్సును ఊపితే కొన్ని మనతో పాటు వస్తాయి, కొన్ని ఎదురొస్తాయి. వాటిని ఆయన చుట్టాలను లెక్కపెట్టినట్టు లెక్కపెట్టేవాడు.

"ఈ జాతిల వెనక మొదటి దీపం ఇంత పొడుగు ఉండాలె," అని చిటికెన వేలి గోరు చూపించాడు. "ఇది అందుల సగం ఉన్నది. అద్దం తిరగబడ్డది. ఎవరు తెరిచిండ్రు?"

"ఎవరో తెరిచినట్టున్నరు సార్."

"ఎవరో అంటే, కండ్లద్దాలు పెట్టుకుంటడా?"

నేను లామినేషన్ చేసిన పట్టిక వంక చూశాను. అది ఇంకా టీ గ్లాసు కిందే ఉంది. గుండ్రంగా మరక పడింది. లామినేషన్ వల్ల తుడిస్తే పోతుంది, అదొక్కటే దాని ఉపయోగం.

చీటీ, పెన్సిలు నా ముందుకు జరిపాడు. ఎడమ గడిలో "లోపలి మసక" అని రాశాను. దాని కింద, అదే గడిలో, "వెనక అద్దం తిరగబడి ఉంది" అని రాశాను. ఆయన రబ్బరు తీసుకుని ఆ రెండో వాక్యం చెరిపి, ఊదాడు. కుడి గడి మీద వేలు పెట్టాడు.

"అది పిలవకుండ వచ్చిందా?"

కుడి గడిలో రాశాను. నా చేతి రాత అంత చిన్నగా ఎప్పుడూ లేదు.

తర్వాత ఆయనే తెరిచాడు. అద్దం తిప్పే ముందు దాని అంచు మీద పెన్సిలుతో చిన్న బాణం గీశాడు, ముందు దిక్కుకు. "ఎందుకంటే నీలాంటోడు ఇంకోడు తెరుస్తడు." అంతా అయిపోయి చివరి రింగు బిగిస్తుండగా పనిముట్టు జారింది. రింగు మీద నల్ల రంగు ఆవగింజంత లేచింది. చీటీ తన వైపు లాక్కుని, కుడి గడిలో నా వాక్యం కింద రాసుకున్నాడు.

"అది లోపలి రింగు గద సార్. ఎవరికి కనపడ్తది?"

"నాకు కనపడ్డది. ఇంకెంతమందికి కనపడాలె?"

లెన్సు గుడ్డలో చుట్టి ఇచ్చాడు. చీటీ నా జేబులో పెట్టాడు. "నేను రాను. చదివేది నువ్వే."

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ నడిచి పదిహేను నిమిషాలు. నేను నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా వెళ్లి, అక్కడొక చాయ్ తాగి, వెనక్కి తిరిగి, గంటంబావులో చేరాను. దారిలో చీటీకి నాలుగు ఉపోద్ఘాతాలు తయారుచేసుకున్నాను. ఆంటీ వరండాలో పేపరు చదువుతోంది. నాలుగూ మరచిపోయి నేరుగా చీటీ చదివాను.

ఆంటీ పేపరు మడిచింది. "మళ్లోసారి చదువు. కుడిదిక్కుది."

చదివాను. "వెనక అద్దం తిప్పి బిగించినాను. రింగు మీద రంగు లేచినది."

"అంటే ఇది నాదే?"

"మీదే ఆంటీ. నేను తీసి ఉల్టా పెట్టిన. తెల్వక కాదు, అడగక."

ఆంటీ లెన్సును రెండు చేతుల్లోకి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. "నెలన్నర సంది నిన్ను దొంగ అనుకున్న బాబూ. పొద్దున మోటార్ కాడికి పోయేటప్పుడల్ల అనుకున్న. నువ్వు దొంగవు కాదు. ఉత్త తెలివితక్కువోనివి."

"అవును ఆంటీ," అన్నాను. పరీక్ష ఫలితాల్లో కూడా నాకు అంత ఊరట ఎప్పుడూ కలగలేదు.

"ఈ రెండోది, రంగుది, అది కూడ నువ్వేనా?"

"కాదు. సార్."

"ఆయన సుత రాసుకున్నడా?" ఆంటీ మొదటిసారి నవ్వింది. "మంచిగున్నది. తోడు దొరికిండు నీకు." లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చి ఇచ్చింది. "ట్యాంకు పొర్లిందనుకో, చీటీ రాస్కొని రా."

ఆ సంగతి ఆయనకు చెబితే, "చదివినవా" అని ఒక్కటే అడిగి, ఇంకో లెన్సు వాసన చూడటంలో పడ్డాడు.

ఇప్పుడు బిస్కెట్ల డబ్బాలో ఉన్నది మూడు నెలల కింద నేను ఆయనకిచ్చిన నా సొంత లెన్సు. వచ్చే వారం వస్తానని చెప్పి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో కారణాలు రాద్దామని కూర్చుంటే మూడు వచ్చాయి. మూడూ ఎడమ గడిలోనే రాసుకున్నాను. కాసేపటికి రబ్బరు వెతికాను.

లెన్సు కింద చీటీ ఉంది. ఎడమ గడిలో ఆయన రాత, కొంచెం వణికినట్టు. మసక. దుమ్ము. అంచున బూజు. ఇంజినీర్ రాసిన స్టిక్కర్. కుడి గడి ఖాళీ. తెరిచాడా? తెరిచి కూడా ఏ పొరపాటూ చేయలేదా? అది తెలుసుకోవడానికి ఒకటే దారి. ఆదివారమే, మధ్యాహ్నం, మోటారు ఆపి ఉందని రెండుసార్లు చూసుకుని, తెరిచాను. అద్దం అంచు మీద బాణం లేదు. ఆయన తెరవనే లేదు.

బాణం నేనే గీశాను. మసక తుడిచాను. దీపాలు లెక్కపెట్టాను, అన్నీ ఉన్నాయి. చివరి రింగు బిగిస్తుండగా పనిముట్టు జారింది. వెనక అద్దం మీద వెంట్రుకంత గీత, ఏడు గంటల స్థానంలో. వెంటనే ఆశగా కళ్లద్దాలు తీసేశాను. గీత ఉంది. లెన్సును పావు చుట్టు తిప్పాను. పది గంటలకు వెళ్లింది.

పెన్సిలు తీసుకుని, ఆయన రాత పక్కన, కుడి గడిలో రాశాను. గుచ్చడానికి చువ్వ లేదు, కాని చదవడం మిగిలింది. చదవకుండా ఇవ్వకూడదు. సొంతదారు ఎవరంటే నేనే. గది మధ్యలో నిలబడి రెండు గడులూ పైకి చదివాను.

పక్క గదిలో గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాడు తలుపు తోసి తొంగిచూశాడు. "మాక్ ఇంటర్వ్యూనా అన్న?"

"కాదు. లెన్స్ ఓనర్‌కు చీటీ చదువుతున్న."

అతను మంచం, కుర్చీ, కిటికీ, గదంతా చూశాడు. "ఏమన్నడు మరి ఓనర్?"

"మళ్లోసారి చదవమన్నడు. కుడిదిక్కుది."